మేకు దిగిన ఎర్ర నోటు

చినరేవుపాలెంలో అప్పాయమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ తిన్నగా చెప్పరు. "దొంగనోటోళ్ళ ఇల్లేనాండి? సిమెంటు రోడ్డు చివర, నీలం తలుపులు" అంటారు. అనేవాళ్ళకి కోపమూ లేదు, వెటకారమూ లేదు. గ్యాసు బండలు దించే అతను అదే అంటాడు, కరెంటు బిల్లు కొట్టే అతను అదే అంటాడు, మొన్న ఓటరు స్లిప్పులు పంచడానికొచ్చిన టీచరమ్మ కూడా కాగితంలో చూసుకుని, "దొంగనోటు వారంటే మీరేనాండి?" అని ఎంతో మర్యాదగా అడిగింది. అరవై ఏళ్ళు జనం నోళ్ళలో నాని నాని, ఆ మాట ఇంటిపేరుకన్నా గట్టిపడిపోయింది.

ఈ పేరు తెచ్చింది అప్పాయమ్మ మామగారు బుల్లియ్య. కుర్రతనంలో బొంబాయి వెళ్ళి ఓడల మీద ఖలాసీగా చేరాడు. తిరిగి తిరిగి బహ్రెయిన్ అనే దీవిలో, రేవులో మూటలు మోసే పనికి కుదిరాడు. నాలుగేళ్ళు మోసి పందొమ్మిదివందల అరవై నాలుగులో ఇంటికొచ్చాడు. లుంగీల మడతల మధ్య పదిరూపాయల నోట్లు తొమ్మిది దాచి తెచ్చాడు. మొదటి నోటు పట్టుకుని జీవరాజు కొట్టుకెళ్ళి బియ్యం, కిరసనాయిలు, ఒక బట్టల సబ్బు తీసుకున్నాడు.

జీవరాజు నోటుని వెలుతురులోకి పట్టి చూశాడు. సింహాల బొమ్మ ఉంది, వెనకాల తెరచాప పడవ ఉంది, పది రూపాయలని తెలుగులో కూడా ఉంది. కానీ ఊదారంగులో ఉండాల్సిన నోటు, తాంబూలం నమిలినట్టు ఎర్రగా ఉంది.

"ఎర్ర నోటేంట్రా బుల్లియ్యా?"

"అక్కడ ఇదే చెల్లుద్దండి."

"పరాయి దేశంలో మన నోటు ఎలా చెల్లుద్దిరా?"

ఆ ప్రశ్నకి బుల్లియ్య దగ్గర జవాబు లేదు. కూలిచ్చారు, తెచ్చుకున్నాడు, అంతే. సాయంత్రానికల్లా ఊరు పోగయింది. పోలీసులొస్తే ఊరంతటికీ చుట్టుకుంటుందని ఊరి పెద్ద మిగిలిన ఎనిమిది నోట్లనీ కిరసనాయిలు పోసి, స్వయంగా అగ్గిపుల్ల గీసి తగలబెట్టాడు. ఆ కిరసనాయిలు కూడా బుల్లియ్య కొన్నదే. తన చేతికొచ్చిన తొమ్మిదో నోటుని జీవరాజు కొట్టు గుమ్మానికి మేకేసి కొట్టాడు. దొంగ రూపాయి వస్తే నలుగురికీ తెలిసేట్టు గుమ్మానికి కొట్టడం అప్పటి కొట్లవాళ్ళ అలవాటు. కొడుకు హయాంలో దానికి అద్దం బిగించారు. మనవడు చినబాబు కొట్టుని శ్లాబు చేయించినప్పుడు ఫ్రేము కట్టించి, గల్లాపెట్టె వెనకాల గోడకి, లక్ష్మీదేవి కాలెండరుకీ వెంకటేశ్వరస్వామి పటానికీ మధ్యన వేలాడదీశాడు. కింద స్కెచ్ పెన్నుతో 'దొంగ నోట్లు తీసుకోబడవు' అని రాయించాడు.

వట్టి పేరే అయితే అప్పాయమ్మ సర్దుకుపోయేది. చేపల గంప నెత్తిన పెట్టుకుని నలభై ఊళ్ళు తిరిగిన మనిషి, పడాల్సిన మాటలన్నీ పడింది, అనాల్సినవి అంతకు రెట్టింపు అంది. ఆవిడ ఏడుపంతా పెట్టె గురించి.

సత్తెమ్మ తల్లి వెండి కళ్ళు, పట్టుచీర, గజ్జెలు ఉండే టేకు పెట్టె అది. ప్రతి ఏడూ నాగులచవితి వెళ్ళిన ఆదివారం తీర్థం జరుగుతుంది. తీర్థం అయ్యాక ఆ పెట్టె రేవు వీధిలో పడవలున్న పదకొండు గడపల్లో ఒక గడపకి చేరి ఏడాది పాటు అక్కడే ఉంటుంది. పెట్టె ఉన్న ఇంట్లో నీచు వండరు, తలుపు ఢామ్మని వేయరు, మొగుడూ పెళ్ళాం కొట్టుకోవాలంటే వీధిలోకొచ్చి కొట్టుకుంటారు. వంతు వరసగా నడుస్తుంది. వరసలో బుల్లియ్య గడప రాగానే మాత్రం పెట్టె దాటిపోతుంది. 'దొంగనోటింట్లో అమ్మవారా?' అని అరవై నాలుగులో ఎవరో అన్నారు. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ అనక్కర్లేకపోయింది.

అప్పాయమ్మ కాపురానికొచ్చిన రెండో ఏడు, డెబ్భై నాలుగులో, వంతు మనదేగదా అని పసుపు నీళ్ళ చెంబూ హారతి పళ్ళెమూ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. డప్పులు దగ్గరకొచ్చాయి. వచ్చి, సరిగ్గా ఆవిడ ముందుకొచ్చేసరికి పెట్టె మోసేవాళ్ళు నాలుగడుగులు జోరుగా వేశారు. కుక్క ఉన్న ఇంటి ముందు నుంచి పోయినట్టు పోయారు. అత్తగారు వెనక నుంచి రెక్క పుచ్చుకుని, "పళ్ళెం దించవే, మనకి రాదు" అంది. ఎందుకు రాదో అప్పుడు తెలిసింది. ఆ రోజునుంచి జీవరాజు కొట్లో ఉప్పు కల్లు కొన్న పాపాన పోలేదు. ఆ కొట్టు గుమ్మం తొక్కలేదు. చేపల గంప మాత్రం కొట్టుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల పెట్టుకునేది. ఎందుకంటే బస్సు అక్కడే ఆగుతుంది. కొనడం మానేస్తే సరిపోద్ది, అమ్మడం దేనికి మానాలి?

మామ పోయాడు, అత్త పోయింది, మొగుడూ పోయాడు. పదేళ్ళకోసారి పెట్టె గుమ్మం ముందు నుంచి జోరుగా పోతూనే ఉంది. ఇప్పుడావిడకి అరవై ఎనిమిది. ఈ ఏడు పెట్టె పక్కింట్లోనే ఉంది. అంటే న్యాయంగా వంతు వీళ్ళది. మరో పదేళ్ళాగి చూసే ఓపిక తన మోకాళ్ళకి లేదని ఆవిడకి తెలుసు.

నాగులచవితి ఇంకా నాలుగు రోజులుందనగా, రాజమండ్రి నుంచి ఒకాయన కారేసుకుని స్టీలు క్యాను పట్టుకుని, ఈ రోజుల్లోనే దొరికే చీరమేను చేపపిల్లల కోసం అప్పాయమ్మ గంప దగ్గరికి వచ్చాడు. పేరు శివరామకృష్ణ, బ్యాంకులో క్యాషియరు చేసి రిటైరయ్యాడు.

"కాస్త చూసి చెప్పమ్మా. పొద్దున్నే అంత దూరం నుంచి వచ్చాను."

"వచ్చింది మీరు బాబూ, చీరమేను కాదు. దానికి నేనేం తగ్గిస్తానండి?"

ఆయన నవ్వి, అడిగినంతా ఇచ్చి, క్యాను నింపించుకుని, సోడా తాగుదామని చినబాబు కొట్టుకెళ్ళాడు. సోడా మూత తీసి చేతికిచ్చాడు చినబాబు. ఆయన తాగలేదు. గోడవంక చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ చెప్పులిప్పి ఒక మెట్టెక్కాడు. వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకుంటున్నాడేమోనని చినబాబు తనూ చెంపలేసుకున్నాడు.

"ఏవండీ, ఆ లక్ష్మీదేవి బొమ్మ బావుంది. అమ్ముతారా?"

"అది కాలెండరండి బాబూ. సబ్బుల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చారు."

"పర్లేదండి. మా ఆవిడకి లక్ష్మీదేవంటే ఇష్టం. ఆ పక్కనున్న ఫ్రేము కూడా కలిపి ఇచ్చేయండి, రెంటికీ ఐదొందలిస్తాను."

"పక్కదా? అది దొంగనోటండీ!"

"అదే... సరదాకి."

రోడ్డుకి ఇవతల అప్పాయమ్మ గంప మీద తడిగుడ్డ కప్పబోతున్నదల్లా ఆగింది. చేప కొనేవాడు తనకి కావాల్సిన చేపవంక చూడడు. అక్కర్లేని చేపని తిరగేసి, మొప్పలెత్తి, ముక్కు చిట్లించి, 'ఆ పక్కదెంత?' అంటాడు, అదేదో ఇప్పుడే కంటపడినట్టు. యాభై ఏళ్ళుగా ఆ నాటకం రోజూ చూస్తూ బతికిన మనిషి ఆవిడ. లేచి నడుం మీద చెయ్యేసుకుని రోడ్డవతలికి కేకేసింది.

"బాబూ! దొంగనోటుకి చెప్పులెందుకిప్పారండీ?"

శివరామకృష్ణ కాళ్ళవంక చూసుకున్నాడు. చినబాబు ఆయన కాళ్ళవంక చూశాడు. బస్సు కోసం కూర్చున్నవాళ్ళంతా చూశారు. ఆయన మొహం నోటు రంగుకొచ్చేసింది.

"ముప్పై నాలుగేళ్ళు క్యాష్ కౌంటర్లో కూర్చున్నానమ్మా. అబద్ధమాడ్డం అలవాటు లేదు."

"ఇప్పుడు ఆడబోయారు కదండీ?"

"ఆడబోయాను. చేతకాలేదు." సోడా గటగటా తాగేసి చెప్పేశాడు. "ఇది దొంగనోటు కాదమ్మా. అసలు నోటు. మన రిజర్వు బ్యాంకు కొట్టిందే. నోట్లు పోగుచెయ్యడం నాకో పిచ్చి. ఇలాంటిది ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నాను."

"అరవై నాలుగులో మా మామ బహ్రెయిన్ నుంచి తెచ్చాడండి దాన్ని" అంది అప్పాయమ్మ, గంపంచు పట్టుకుని. బస్సొచ్చి హారను కొట్టింది. ఒక్కళ్ళూ ఎక్కలేదు.

"మన బ్యాంకుదైతే ఎరుపెందుకండీ?" అన్నాడు చినబాబు.

"చెప్తాను. బహ్రెయిన్ అంటే ఓ దీవి. చుట్టూ సముద్రం ఉన్న పెద్ద లంక అనుకోండి. ఇప్పుడు మనవాళ్ళు అక్కణ్ణుంచి పంపేవి దినార్లు కదా? అప్పట్లో ఆ దినారే పుట్టలేదు. ఆ దీవికి సొంత డబ్బంటూ లేదు. ఎన్నో ఏళ్ళ నుంచీ అక్కడ చెల్లేది మన రూపాయే."

"మన రూపాయా? షేకులకా?" అని బస్సు కిటికీలోంచి ఎవరో అడిగారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు, తనకి వినబడ్డంలేదని.

"మన రూపాయే. దాంతో ఏమైందంటే, ఇక్కణ్ణుంచి దొంగతనంగా రూపాయలు అక్కడికి పోవడం, అక్కణ్ణుంచి దొంగతనంగా బంగారం ఇక్కడికి రావడం మొదలైంది. పోయిన రూపాయల్ని అక్కడి బ్యాంకులు తిరిగి పంపితే, వాటన్నిటికీ మన ప్రభుత్వం బ్రిటిషు పౌండ్లు కట్టుకోవాల్సి వచ్చింది. ఇది తేలే పని కాదని యాభై తొమ్మిదిలో అదే నోటుని వేరే రంగులో అచ్చేసి, అక్కడ ఇదే చెల్లాలి, ఇక్కడ చెల్లకూడదు అన్నారు. ఇక్కడి పది ఊదా, అక్కడి పది ఎరుపు. నంబరు ముందు జెడ్ అక్షరం ఉంది చూశారా? అదీ గుర్తు."

"మావాళ్ళు ఏ వల ఎవరిదో తెలియడానికి రంగు గుడ్డ పీలిక కడతారే, అలాగా?" అంది అప్పాయమ్మ.

"సరిగ్గా అలాగేనమ్మా! తెచ్చినవాళ్ళు బొంబాయిలో దిగి రిజర్వు బ్యాంకులో ఇస్తే మామూలు నోట్లిచ్చేవారు. ఆ సంగతి మీ మామగారికి ఎవరూ చెప్పి ఉండరు. తర్వాత ఏడాదికే, అరవై అయిదులో, ఆ దీవి సొంతంగా దినారు పెట్టుకుంది. పది రూపాయలిస్తే ఒక దినారు. ఈ నోట్లన్నీ వెనక్కి పోయాయి. అందుకే ఇప్పుడు దొరకవు."

"ఎంత పలుకుద్దండి?" అన్నాడు చినబాబు.

"నలక్కుండా ఉంటే లక్ష దాకా ఇచ్చేవాళ్ళున్నారు. దీనికి మేకు చిల్లుంది, మసి పట్టింది. అయినా ఓ నలభై వేలు నేనే ఇస్తాను."

మాట పూర్తికాకముందే గోడమీద ఫ్రేము లేదు. చినబాబు దాన్ని గల్లాపెట్టెలో పెట్టి, తాళం వేసి, పెట్టె మీద కూర్చున్నాడు. కూర్చుని, ఇరవై ఏళ్ళుగా 'ఏయ్ మామ్మా, గంప కాస్త పక్కకి జరుపు' అనేవాడల్లా, "మామ్మగారూ, ఎండలో ఎంతసేపుంటారండీ, లోపలికొచ్చి కాఫీ తాగుదురుగాని" అన్నాడు.

అప్పాయమ్మ గంపెత్తుకుని ఇంటికెళ్ళిపోయింది. దారిలో రెండుసార్లు ఆగింది. మోకాళ్ళకోసం కాదు.

మర్నాడు పొద్దున్న వలలు అల్లే పాకలో పంచాయితీ పెట్టించింది ఆవిడ కొడుకు పల్లంరాజు. రాత్రంతా నలభై వేలతో పడవకి పాత ఇంజను కొని, దానికి రంగు కూడా వేయించేసిన మనిషి, పొద్దున్న లేచేసరికి ఇంజను లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉన్నాడు. చినబాబు ఫ్రేముని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. శివరామకృష్ణ నోట్ల కేటలాగు పుస్తకమూ, చీరమేను క్యానూ పట్టుకుని వచ్చాడు. నోటు సంగతి తేలేదాకా ఆయన రాజమండ్రి వెళ్ళేట్టు లేడు. క్యానులో మూడోసారి ఐసు వేయించాడు.

పెద్దగా కూర్చున్నది అమ్మిరాజు. అరవై నాలుగులో అగ్గిపుల్ల గీసినాయన కొడుకు. వరసకి అప్పాయమ్మకి బావగారు. వీధిలో ఆయనిల్లు అప్పాయమ్మ ఇంటికి రెండోవైపు ఆనుకునే ఉంది. అంటే పెట్టె ఈ గడప దాటితే తిన్నగా వెళ్ళేది ఆయన గడపకే. పదిరోజుల ముందే ఇంటికి చిలకపచ్చ రంగు వేయించాడు, తునిలో ఉన్న కూతురికీ అల్లుడికీ కబురుపెట్టాడు, సోమవారం నుంచి ఇంట్లో చేప వండించడం మానేశాడు. అందువల్ల కాస్త చిరాగ్గా కూడా ఉన్నాడు.

"చెప్పరా చినబాబూ" అన్నాడు.

"నోటు మాదండి. మా తాత సరుకిచ్చి తీసుకున్నాడు."

"సరుకు సాయంత్రానికే లాక్కుపోయాడు మీ తాత!" అని పల్లంరాజు లేచాడు.

"బియ్యం తీసుకెళ్ళాడండి, కాదన్ను. కిరసనాయిలు ఆ నోట్ల మీదే పోశారు. సబ్బు మాత్రం తీసుకెళ్ళలేదు. అప్పటికే మీ నాయనమ్మ బట్టలకి రుద్దేసింది."

"రుద్దిన సబ్బుకి నలభై వేలా?"

"సబ్బు సబ్బేనండీ! సరుకు సరుకే!"

పాకలో సగంమంది సబ్బువైపూ, సగంమంది నోటువైపూ చీలిపోయారు. ఎర్ర నోట్లు ఎనిమిది తగలబడ్డాయంటే ఎన్ని లక్షలు పొగైపోయాయో ఓ మూల లెక్కలు కడుతున్నారు. ఇంత గొడవలోనూ అప్పాయమ్మ నోరిప్పలేదు. ఆవిడ నోరిప్పకుండా అంతసేపు ఉండడం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. అందుకని కాసేపటికి జనమే భయపడి ఊరుకున్నారు.

అప్పుడంది. "చినబాబూ, సబ్బు మేం వాడుకున్నాం. నిజమే. మా అత్త చెప్పేది, నురగ కూడా రాలేదని."

"అదే కదా మామ్మగారూ నేననేది!"

"ఆ సబ్బుకి మా మామ నీ తాతకి నోటిచ్చాడు. మీ తాత పుచ్చుకున్నాడు. అంతేనా?"

"అంతేనండి!"

"అయితే అది మంచి నోటేనా?"

చినబాబు ఫ్రేముని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"ఆలోచించుకో నాయనా, తొందరేం లేదు. దొంగనోటైతే అది బేరంలోకి రాదు. మా దొంగనోటు మాకిచ్చెయ్, నీ సబ్బు ఖరీదు వడ్డీతో పడేస్తాను. మంచి నోటైతే నీదే, పట్టుకుపో. మంచిదో దొంగదో నీ నోటితో చెప్పు."

పల్లంరాజు తల పట్టుకున్నాడు. "అమ్మా! పట్టుకుపో అంటావేంటే!"

"నువ్వూరుకోరా."

చినబాబు ఇప్పుడు తాత తెలివితక్కువవాడని అనాలి, లేదా నలభై వేలు వదులుకోవాలి. తాత పోయి ముప్పై ఏళ్ళయింది. నలభై వేలు ఇక్కడే, పక్కనే, క్యాను పట్టుకుని నిలబడి ఉంది.

"మంచిదేనండి" అన్నాడు, గడ్డం ఛాతీకి ఆనించి.

"వినపడలా."

"మంచి నోటేనండి!"

"ఆగండి, ఒక్క సవరణ" అని శివరామకృష్ణ కేటలాగు తెరిచాడు. "చట్టప్రకారం చూస్తే ఈ నోటు ఇండియాలో చెల్లుబాటు కాదమ్మా. బొంబాయిలో మార్చుకుంటే తప్ప..."

"మీరు కాసేపు ఊరుకోండి బాబూ, మీ చీరమేను పాడైపోద్ది" అంది అప్పాయమ్మ. ఆయన కంగారుగా క్యాను మూత తీసి చూసుకున్నాడు. "అసలుదా, నకిలీదా, అదొక్కటి చెప్పండి."

"అసలుదే. అందులో అనుమానం లేదు."

"అదీ సంగతి. చినబాబూ, ఇదే మాట ఆదివారం తీర్థంలో మైకులో చెప్పు. మీ తాత కొట్టిన మేకు ఊరంతా చూసింది. పీకింది కూడా ఊరంతా వినాలి. చెప్పాక నోటు అమ్ముకుంటావో, నంజుకుంటావో నీ ఇష్టం. చెప్పకపోతే మాత్రం ఇది పోలీస్‌స్టేషన్‌కి పోద్ది, మనిద్దరం పోయేదాకా తేలదు. బేరం అంతే."

"చెప్తానండి" అన్నాడు చినబాబు. ఎంత తొందరగా అన్నాడంటే, పల్లంరాజుకి ఏడుపొచ్చేసింది.

"అమ్మా, ఇంజనే! మన ఇంజనే అది!"

"ఒరేయ్, ఇంజను పోయినేడు కొనలేదు, వచ్చే ఏడు కొనుక్కుంటాం. డబ్బంటే వలేసి పట్టేది కదా. పెట్టెని ఏ వలేసి పడతావురా?"

ఇప్పుడు అమ్మిరాజు గొంతు సవరించుకున్నాడు. ఈ మాట ఎటుపోతోందో ఆయనకి అప్పుడే అర్థమైంది.

"అప్పాయమ్మా, నోటు సంగతి వేరు, పెట్టె సంగతి వేరు. నోటు మంచిదని తేలింది, చాలా సంతోషం. కానీ అరవై ఏళ్ళుగా పెట్టె మీ గడప దాటి రావడం ఊరికి అలవాటైపోయింది. ఆనవాయితీ మార్చితే అమ్మవారికి ఆగ్రహం..."

"మీ ఇంటికి రంగు వేయించారు, అదీ ఆగ్రహం" అని వెనకనుంచెవరో అన్నారు. పాకంతా ఘొల్లుమంది.

"రంగుకేంటండి బావగారూ, మంచి కంపెనీది. పై ఏటిదాకా ఉంటుంది, వానకి కూడా పోదు" అంది అప్పాయమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తే ఊళ్ళో నిజంగా భయం. "నోటు సంగతి వేరంటే చెప్పండి, వేరుగానే చూద్దాం. గుమ్మానికి కొట్టిన నోటు లెక్క తేలింది. తగలబెట్టిన ఎనిమిదింటి లెక్క ఎవర్నడగనండి? అగ్గిపుల్ల ఎవరు గీశారో నా నోటితో అనిపిస్తారా?"

పాకలో అందరూ అమ్మిరాజువంక చూశారు. శివరామకృష్ణ నెమ్మదిగా, "ఎనిమిదండీ? అన్నీ ఎర్రవేనా?" అని, చాలా దగ్గరివాళ్ళు పోయినట్టు కళ్ళు మూసుకున్నాడు.

అమ్మిరాజు కండువా దులిపాడు. మళ్ళీ వేసుకున్నాడు. మళ్ళీ దులిపాడు. "వంతు ప్రకారం మీదే కదమ్మా" అన్నాడు చివరికి. "నేనెప్పుడు కాదన్నాను?" అని, పక్కనున్నవాడితో గొణిగాడు. "ఇంటికి ఫోన్ చేసి మధ్యాహ్నానికి చందువా చేపల పులుసు పెట్టమని చెప్పు."

పల్లంరాజు రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. మూడోరోజు మాట్లాడాడు, అది కూడా, "ఏడాది పాటు ఇంట్లో చేప వండకూడదు, తెలుసా నీకు? చేపలోళ్ళం మనం!" అని అరవడానికి. "వీధి పొయ్యి మీద వండుకుని అరుగుమీద తిను" అంది అప్పాయమ్మ. ఇల్లంతా కడిగించింది. తూర్పు గదిలో మంచం తీయించి పీట వేయించింది. మొగుడి ఫోటో పక్కన, ఎవరి దగ్గరో సంపాదించి, బుల్లియ్య ఖలాసీ గుర్తింపు కార్డులోని బొమ్మని పెద్దది చేయించి తగిలించింది. అందులో ఆయన ఎవరో ఏదో అడిగితే జవాబు తెలియనట్టు చూస్తున్నాడు.

తీర్థం రోజు సాయంత్రం చినబాబు మైకు పుచ్చుకున్నాడు. అప్పాయమ్మ గుడికి వెళ్ళలేదు. మైకువాడికి అరకేజీ రొయ్యలు పంపించి, స్తంభానికి కట్టిన లౌడుస్పీకరు మూతి తన ఇంటివైపు తిప్పించుకుని అరుగుమీద కూర్చుంది.

"ఊరి పెద్దలకీ, ఆడపడుచులకీ నమస్కారం" అంది లౌడుస్పీకరు. "మా తాతగారు జీవరాజు గారు... అరవై నాలుగులో... ఒక పొరపాటు చేశారండి. బుల్లియ్య గారు తెచ్చిన నోటు దొంగనోటు కాదండి. అది సాక్షాత్తూ రిజర్వు బ్యాంకు వారు అచ్చేసిన అసలు నోటండి. బహ్రెయిన్ దీవిలో చెమటోడ్చి సంపాదించుకున్న సొమ్మండి. రంగు తేడా వల్ల మా తాతగారు గ్రహించలేకపోయారండి. అందుకు బుల్లియ్య గారి కుటుంబానికి మా కుటుంబం తరఫున..." ఇక్కడ గొంతు కాస్త నిజంగానే తడబడింది. "...క్షమాపణ చెప్పుకుంటున్నామండి. అలాగే కార్తీకమాసం సందర్భంగా మన కొట్లో దీపాల నూనె డబ్బా మీద ఒత్తుల ప్యాకెట్టు..."

కీచుమంది మైకు. ఎవరో లాక్కున్నారు. వీధి చివరిదాకా నవ్వులు వినిపించాయి. పల్లంరాజు కూడా నవ్వాడు, వారం తర్వాత మొదటిసారి. అప్పాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

చీకటి పడకముందే డప్పులు రేవు వీధిలోకి తిరిగాయి. పక్కింట్లోంచి పెట్టె లేచింది. మోసేవాళ్ళు నలుగురూ కుర్రాళ్ళు. ఈ గడప ముందు ఎప్పుడూ జోరందుకోవాలని పెద్దవాళ్ళు నేర్పిన కాళ్ళు వాళ్ళవి. నేర్పినట్టే రెండడుగులు జోరుగా వేసేసి, "ఆగండ్రా, ఇక్కడే!" అని అమ్మిరాజు అరిస్తే వెనక్కొచ్చారు. వచ్చి నీలం తలుపుల ముందు నిలబడ్డారు.

తలుపులు మూసి ఉన్నాయి.

"అప్పాయమ్మా!" అన్నాడు అమ్మిరాజు.

"వస్తున్నా" అని లోపల్నుంచి వినపడింది. ఎవరూ రాలేదు.

పెట్టె బరువుకి కుర్రాళ్ళు భుజాలు మార్చుకున్నారు. డప్పులవాళ్ళకి ఏం చెయ్యాలో తెలియక, ఆపితే బావుండదని వాయిస్తూనే ఉన్నారు.

"అమ్మవారిని గుమ్మంలో నిలబెడతావా తల్లీ?" అని ఓ ముసలామె అంది.

"అమ్మవారిని కాదే, వీళ్ళని" అంది లోపలి గొంతు.

పల్లంరాజు పెరటివైపు నుంచి చుట్టూ తిరిగి లోపలికి పరిగెత్తాడు, ఒంట్లో బాగాలేదేమోనని. తల్లి తలుపు వెనకాలే ఉంది. కొత్త చీర కట్టుకుంది. ఒక చేతిలో హారతి పళ్ళెం, కర్పూరం ఇంకా వెలిగించలేదు. రెండో చెయ్యి గడియ మీద ఉంది. తీయడం లేదు.

"ఏంటే అమ్మా? తియ్యి!"

"ష్" అంది అప్పాయమ్మ. "విను. డప్పు ఇక్కడే ఉంది. కదలట్లేదు."

పల్లంరాజు విన్నాడు. తలుపు చెక్కలు డప్పుకి అదురుతున్నాయి. జేబులోంచి అగ్గిపెట్టె తీసి కర్పూరం వెలిగించాడు.

ఇంకొంచెంసేపు విని, ఆవిడ గడియ తీసింది.